బొట్టు పెట్టని పిలుపు

రైలు ఆలస్యమట. మైకులో ఆవిడ తెలుగులో చెప్పింది, హిందీలో చెప్పింది, ఇంగ్లీషులో చెప్పింది, అసలు సంగతి మాత్రం ఏ భాషలోనూ చెప్పలేదు, ఆ రైల్లో మోహనకృష్ణ మేస్టారు ఉన్నారా లేరా అని. బొబ్బిలి నుంచి వచ్చి విజయనగరంలో ఎక్కి ఉంటే ఈపాటికి చీపురుపల్లి దాటుతూ ఉండాలి. ఎక్కకపోతే బొబ్బిలిలో ఇంట్లో కూర్చుని, నా పెళ్లికార్డు వచ్చిందని దిగాలు పడుతూ ఉండాలి, లేదా దిగాలేమీ లేకుండా హాయిగా టిఫిన్ తింటూ ఉండాలి, అదింకా ఘోరం. నా పెళ్లికార్డు! నాకు పెళ్లి కుదరనే లేదు. కార్డు మాత్రం పొద్దున్నే నా ఫోన్లోంచి తనంతట తానే బయల్దేరి, అందులో నంబరున్న ప్రతి మనిషికీ చేరిపోయింది, పాలాయనకీ, మా ప్రిన్సిపాల్‌కీ, గ్యాస్ బండలాయనకీ, పోయినేడాది చీర మార్చుకోవడానికి ఒక్కసారి ఫోన్ చేసిన బట్టల కొట్టుకీ. మేస్టారి నంబరూ అందులోనే ఉంది, అందరికన్నా పైన ఉంది. నేనేమో ఆమదాలవలస స్టేషన్లో, ఇస్త్రీ చేసిన పొందూరు చీర కట్టుకుని, నెట్ కోసేసిన ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఏడవాల్సిన చోట నాకు నవ్వొస్తోంది. చిన్నప్పట్నుంచీ అంతే, బళ్లో బెత్తం చూసినా ముందు నవ్వే వచ్చేది, దానికి ఇంకో దెబ్బ పడేది. పక్కన ముంజల గంప పెట్టుకున్నావిడ నన్ను చూసి తనూ నవ్వింది, ఎందుకో తెలియకుండానే.

ఎదురుగా పసుపు బోర్డు మీద శ్రీకాకుళం రోడ్ అని ఉంది. ఊరేమో ఆమదాలవలస. కొత్తవాళ్లు శ్రీకాకుళం వచ్చేసిందనుకుని సామానంతా దించుకుంటారు, దించుకున్నాక ఆటోవాళ్లు నవ్వుతూ వచ్చి, శ్రీకాకుళం ఇంకా అటేపు ఉన్నాదండీ అంటారు. పైన ఒక పేరు, లోపల ఇంకో ఊరు. ట్రోజన్ అంటే ఏమిటో పిల్లలకి చెప్పడానికి ఇన్నేళ్లూ గ్రీకు దేశం నుంచి చెక్కగుర్రాన్ని లాక్కొస్తున్నాను, గుమ్మంలో ఇంత మంచి ఉదాహరణ పెట్టుకుని! రేపటి నుంచి ఇదే చెబుతాను. పేరు చూసి దిగిపోతే ట్రోజన్, దిగే ముందు ఎవరినైనా అడిగితే మీరు బతికిపోయారు అని చెబుతాను. నేను కంప్యూటర్ మేడమ్‌ని మరి. శ్రీకాకుళంలో ఒక డిగ్రీ కాలేజీలో, తెలియని ఫైలు తెరవకండర్రా, చివర మూడక్షరాలు చూడండర్రా అని గొంతు చించుకుంటాను. ఆ నేనే పొద్దున్న స్టవ్ మీద పాలు పెట్టి, ఒక చేత్తో గరిటె పట్టుకుని, ఇంకో చేత్తో ఆ కార్డు మీద నొక్కాను. ఫోటోకి ఉండే అక్షరాలు కావవి, పీడీఎఫ్‌కి ఉండేవీ కావు, ఏపీకే అని స్పష్టంగా ఉంది, అంటే అది కార్డు కాదు, ఫోన్లోకి వచ్చి కూర్చునే యాప్. చూశాను కూడా. చూసిన కళ్లు నావే గానీ బుర్ర అక్కడ లేదు, అది అప్పటికే ఈ బెంచీ మీదకొచ్చి కూర్చుంది.

కారణం మేస్టారే. నిన్న సాయంత్రం ఫోన్ చేసి, "రేపు వస్తన్నానండీ. ఒక మాట సెప్పాల. ఫోన్లో సెప్పీది కాదు" అన్నారు. నేను సరేనండీ అని పెట్టేశాను. పెట్టేసి, ఆ మాటేమై ఉంటుందో అని, ఏమై ఉంటుందో నాకు తెలిసీ, తెలిసిన దాన్నే మళ్లీ మళ్లీ అనుకుంటూ పడుకున్నాను. పొద్దున్న లేచేసరికి సుభద్రమ్మ పిన్ని దగ్గర్నుంచి కార్డు, కింద, మా ఇంట పెళ్లి, తప్పక రావలెను అని. పిన్ని అంటే మామూలు మనిషి కాదు. పోయిన వేసవిలో వాళ్ల మనవరాలి ఓణీల వేడుక మెసేజ్ నేను ఆలస్యంగా చూశానని, దసరా దాకా నాతో మాట్లాడలేదు, ఎదురుపడితే పక్కనున్న గేదెతో మాట్లాడేది. అందుకని పిన్ని పేరు కనిపించగానే వేలు దానంతటదే పరిగెత్తింది. ఫోను అడిగింది, దీన్ని లోపలికి రానివ్వమంటావా అని. రానివ్వు. మెసేజ్‌లు చదవనివ్వమంటావా. చదవనీ. నంబర్లు చూడనివ్వమంటావా. చూడనీ, నాకీ రోజు ఎవరి మీదా కోపం లేదు, అందరూ రండి, అందరూ చూడండి. పాలు పొంగిపోయాయి. కార్డు మాత్రం తెరుచుకోలేదు, ఒకసారి మెరిసి మాయమైంది. పిన్నికి ఫోన్లో ఏది మెరిసినా నొక్కడం అలవాటు, ఎక్కడో ఆవిడ నొక్కింది, ఆవిడ పేరు మీద నా దగ్గరికొచ్చింది, ఇప్పుడు నా పేరు మీద ఊరేగుతోంది.

నా క్లాసులో బంధువులే పాఠం. పుస్తకంలో ఉన్నట్టు చెబితే పిల్లలు కిటికీలోంచి బయటికి చూస్తారు, బంధువుల్ని తీసుకొస్తే చెవులు రిక్కిస్తారు. వైరస్ అంటే చుట్టం, ఎవరైనా వెంటబెట్టుకొస్తే గానీ రాదు, ఏ ఫైలుకో అంటుకుని వస్తుంది, ఆ ఫైలు తెరిస్తేనే లేచి కూర్చుంటుంది. వార్మ్ అలా కాదు, దానికి తోడక్కర్లేదు, సుభద్రమ్మ పిన్నిలాగ ఒక ఇంట్లో కాఫీ తాగి, పక్కింట్లోకి తనే నడిచిపోయి, వీధి చివరి దాకా కబురు చేరవేసి వస్తుంది. స్పైవేర్ నోరు మెదపదు, మూల కూర్చుని వింటుంది, ఏం తిన్నారు ఏం కొన్నారు అన్నీ వేరేచోట చెబుతుంది. యాడ్‌వేర్ పెద్దగా చెరుపు చెయ్యదు గానీ బుర్ర తినేస్తుంది. మా నాన్న జగన్నాధం ఫోన్లో అదే చేరింది ఒకసారి, వాతావరణం చూసుకుందామని ఏదో యాప్ వేసుకుంటే, వరి ధర చూద్దామన్నా బట్టతల మందు ప్రకటనే. నాన్న నిజంగా బాధపడ్డాడు, "నా బుర్ర సంగతి ఆళ్లకెలా తెలిసిందమ్మా" అని. ఆ యాప్ తీసేసి, బ్రౌజర్లో ఎవరెవరికో ఇచ్చిన నోటిఫికేషన్ అనుమతులు ఆపితే పోయింది. పోయాక కొన్నాళ్లు తువ్వాలు చుట్టుకునే ఫోను పట్టుకునేవాడు. ఇక రాన్సమ్‌వేర్. పెళ్లికొడుకుని గుమ్మంలో ఆపి, కానుక ఇస్తే గానీ లోపలికి వదలం అనే ఆడపడుచుల్లాంటిదిరా అంటే క్లాసంతా నవ్వుతారు. ఆడపడుచులు చివరికి వదిలేస్తారు, అది డబ్బు తీసుకున్నా వదులుతుందన్న నమ్మకం లేదు, అందుకే ముఖ్యమైనవి ఇంకోచోట కాపీ పెట్టుకోండర్రా, ఆ కాపీని కంప్యూటర్‌కి తగిలించి వదిలెయ్యకండర్రా అంటాను. అన్నీ చెబుతాను. పెళ్లిపిలుపు రూపంలో వచ్చే దాని గురించి ఈ నెల పాఠంలో చెబుదామనుకున్నాను.

సంగతి తెలిసింది బస్సులో. ఎచ్చెర్ల దగ్గర మా ఊళ్లో ఎక్కాను, శ్రీకాకుళంలో మారేలోపే ఫోన్లు మొదలయ్యాయి. బట్టల కొట్టాయన, కంగ్రాట్సమ్మా, పెళ్లిచీరలు మా దగ్గరే అన్నాడు. నేను రాంగ్ నంబరనుకున్నాను. తర్వాత నాన్న. పొలం నుంచి చేసినట్టున్నాడు, వెనకాల ట్రాక్టరు మోత. "ఏటమ్మా, నీ పెళ్లంట?" అన్నాడు. ఏ పెళ్లి నాన్నా అన్నాను. "నువ్వే కదా నాకు కార్డు పంపినావు. పోన్లే, నన్నైనా పిలిచినావు, సంతోషం. ముహూర్తం ఎప్పుడేటి, కోతలున్నాయి మరి" అన్నాడు. గొంతులో కోపం లేదు, కొంచెం బెంగ, కొంచెం ఆశ. ముప్పై దాటిన నా దగ్గర ఆ మాటెత్తడం మానేసి చాన్నాళ్లయింది ఆయన, ఇవాళ నా పేరు మీద కార్డు చూసేసరికి పొలం మధ్యలో నిలబడి నమ్మేసినట్టున్నాడు. నాన్నా, దాన్ని తెరవకు, అది వైరస్ అని అరిచాను. బస్సులో ముందు సీట్లవాళ్లు వెనక్కి తిరిగి, మాస్కు ఉందా అన్నట్టు నా మూతి వంక చూశారు. వెంటనే ఎయిర్‌ప్లేన్ మోడ్ నొక్కాను. నెట్ కోసేస్తే లోపలున్నది బయటికి మాట్లాడలేదు, ముందు ఆ పని, మిగిలినవన్నీ తర్వాత, ఇదే నేను మొదటి పాఠంలో చెప్పే మొదటి మాట. నొక్కిన మరుక్షణం అసలు సంగతి గుర్తొచ్చింది. మేస్టారికి ఎలా చెప్పడం?

చెప్పాలనే ప్రయత్నం చేశాను. స్టేషన్లో టీ కొట్టు ఎల్లాజీ నాకు ఎరుకే, మా కాలేజీ వాళ్లందరం విశాఖ వెళ్లినప్పుడల్లా ఆయన అల్లం టీ తాగే రైలెక్కుతాం. అన్నా, ఒక్కసారి నీ ఫోన్ ఇస్తావా అంటే, "తీస్కోమ్మా, నీ పెళ్లంట కదా" అన్నాడు. ఈయనకెలా తెలిసింది! బట్టల కొట్టాయన ఈయన బావమరిదట. ముందు బ్యాంకు నంబరు తిప్పి, నా ఖాతా, ఆన్‌లైన్ చెల్లింపులు ఆపించాను, ఆ యాప్‌కి మెసేజ్‌లు చదివే అనుమతి ఇచ్చాను కదా, ఓటీపీ వస్తే నాకన్నా ముందు అదే చదువుతుంది. తర్వాత నాన్నకి చెప్పాను, ఎవరినీ తెరవనివ్వకు, అందరికీ ఫోన్లు చేసి చెప్పు, తెరిచినవాళ్లుంటే నెట్ ఆపి కదలకుండా కూర్చోమను. తర్వాత మేస్టారి నంబరు. స్విచ్ ఆఫ్. మళ్లీ చేశాను, స్విచ్ ఆఫ్. మేస్టారి ఫోను ఎప్పుడూ స్విచ్ ఆఫ్ ఉండదు. లెక్కల మేస్టారు, పిల్లలు ఏ రాత్రి ఏ లెక్క అడుగుతారో అని తలగడ పక్కనే పెట్టుకుంటారు. కోపమొచ్చి కట్టేశారన్నమాట. పెళ్లికార్డు చూసి, ఇంక ఈవిడతో మాటేమిటి అనుకుని, కట్టేసి ఏ మూలకో విసిరేశారు. ఎల్లాజీ టీ ఇచ్చాడు, డబ్బు తీసుకోనన్నాడు, పెళ్లికూతురివి అన్నాడు. కాదన్నా, వైరస్ అన్నాను. "అదే, ఏదో ఒకటి, మంచిదే కదా" అన్నాడు.

చేతులూరుకోవు కదా. ఫోన్ తీసి పవర్ మీట నొక్కి పట్టాను, తెర మీద పవర్ ఆఫ్ అని వచ్చాక దాని మీద వేలు ఆనించి ఉంచాను, సేఫ్ మోడ్ కావాలా అని అడిగింది, కావాలన్నాను. సేఫ్ మోడ్‌లో ఫోనుతో పుట్టిన యాప్‌లే లేస్తాయి, తర్వాత వచ్చి చేరినవన్నీ పడుకుని ఉంటాయి, ఇంటివాళ్లు మాత్రమే మేలుకుని ఉన్న ఇల్లు. సెట్టింగుల్లోకెళ్లి యాప్‌ల వరుస కిందికి జరుపుతూ పోయాను. అక్కడుంది. పేరు లేదు, బొమ్మ లేదు, ఒట్టి తెల్లగడి. తీసెయ్ అని నొక్కితే ఆ మీట మసకగా ఉంది, పని చెయ్యదు. తెలుసు నాకు, పొద్దున్న ఇంటి తాళాలు కూడా ఇచ్చేశాను దానికి, డివైస్ అడ్మిన్ అనే పెద్దరికం. భద్రత పేజీలోకెళ్లి ఆ పెద్దరికం తీసేశాను, వెనక్కొచ్చి నొక్కితే ఇప్పుడు కదిలింది, పోయింది. వేరే దేనికైనా తెలియక మెసేజ్‌ల పెత్తనం ఇచ్చానేమో చూశాను, వాట్సాప్ ఇంకెక్కడైనా తెరిచి ఉంటే ఆపడం ఇంటికెళ్లాక, పాస్‌వర్డులు మార్చడం వేరే ఫోన్లోంచి, స్కాన్ చేయించడం సాయంత్రం. అప్పటికీ తిరిగొస్తే మొత్తం తుడిచి కొత్తగా మొదలుపెట్టడమే. తుడవడమంటే మనసొప్పదు. మేస్టారి మెసేజ్‌లన్నీ ఇందులోనే ఉన్నాయి. మేడమ్ గారూ, మౌస్ పని చెయ్యట్లేదు, బాణం గుర్తు సిగ్గుపడి మూల నిలబడింది, అని ఒకటి. మేడమ్ గారూ, ఇవాళ బొబ్బిలిలో వాన, మీ వేపు ఏటి సంగతి, అని ఒకటి. ఎన్ని వానలు పడ్డాయో.

మొదటిసారి ఆయన్ని చూసింది ఎచ్చెర్లలో, టీచర్లకి కంప్యూటర్ శిక్షణ పెట్టినప్పుడు. మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరూ కునికిపాట్లు పడుతుంటే ఒకాయన పెన్‌డ్రైవ్ రెండు చేతులతో పట్టుకుని నా బల్ల దగ్గరికొచ్చాడు, ప్రాణం పోతున్న పిచ్చుకపిల్లని తెచ్చినట్టు. "మేడమ్, మా బడి పిల్లలు ఏడాదంతా గీసిన బొమ్మలు, రాసిన లెక్కలు, పాడిన పాటలు. అన్నీ పోనాయండి. ఏది నొక్కినా ఏదో బాణం గుర్తే వస్తన్నాది" అన్నారు. చూస్తే షార్ట్‌కట్ వైరస్. అది ఫోల్డర్లని ఏమీ చెయ్యదు, దాచేస్తుంది, దాచేసి వాటి స్థానంలో అదే పేరుతో నకిలీ గుర్తులు పెడుతుంది, ఆ గుర్తు నొక్కిన ప్రతిసారీ ఇంకో కంప్యూటర్‌లోకి పాకుతుంది. ముందు నా కంప్యూటర్లో స్కాన్ పెట్టి ఆ పురుగుని ఏరేశాను, నల్ల తెర తెరిచి, దాచినవన్నీ బయటికి రమ్మనే ఆజ్ఞ ఒక్క వరుస కొట్టాను, నకిలీ గుర్తులు తుడిచేశాను. ఫోల్డర్లు ఒక్కొక్కటే బయటపడ్డాయి. ఏనుగు బొమ్మలు, ఎక్కాలు, ఏదో పాట, అందులో వెనక నుంచి ఆయన గొంతే పిల్లలకన్నా పెద్దగా. ఆయన కుర్చీ లాక్కుని కూర్చుండిపోయారు. "పోలేదాండి? ఉన్నాయా?" అన్నారు. పోవండీ, దాక్కున్నాయంతే అన్నాను. ఆయన నవ్వారు. ఆ నవ్వు చూసి నాకు ఎంత సంతోషమేసిందంటే, ఆ రోజు సాయంత్రం బస్సు తప్పిపోయినా పట్టలేదు.

ఆ తర్వాత ఆయన బడి కంప్యూటర్లకి రాని జబ్బు లేదు. ఒకరోజు తెర నిండా ఎర్రగా, మీ కంప్యూటర్ ప్రమాదంలో ఉంది, వెంటనే ఈ నంబరుకి ఫోన్ చెయ్యండి అని కేకలేస్తూ వచ్చిందట, మేస్టారు ఆ నంబరుకి చెయ్యలేదు, నాకు చేశారు. అది ఒట్టి బెదిరింపండీ, కిటికీ మూసెయ్యండి, మూతపడకపోతే టాస్క్ మేనేజర్‌లోంచి బ్రౌజర్‌ని ఆపెయ్యండి అన్నాను. మూశాక కూడా ఫోను పెట్టలేదు, భోజనం చేశారా అన్నారు. అలా మొదలైంది. ఏడాదికి పైగా జబ్బులే మా మాటలు. ఈ మధ్య ఆయన బడి కంప్యూటర్లకి రోగాలు తగ్గాయి, ఫోన్లు మాత్రం తగ్గలేదు. ఆ మధ్య ఒకసారి అడిగాను, ఇవాళ ఏం సమస్యండీ అని. "సమస్య ఏటీ లేదండి, అదే సమస్య" అన్నారు. ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు, అన్నం కలుపుకుంటూ గుర్తొస్తే మాత్రం నాన్న చూస్తాడని తల వంచుకుని నవ్వుకునేదాన్ని. ఇష్టమని నాకు తెలుసు, ఆయనకీ తెలుసు, ఇద్దరం దాచుకుని పైన మేడమ్ గారూ, మేస్టారు గారూ అనే గుర్తులు పెట్టుకుని తిరిగాం. ఇవాళ వాటిని తీసేసే రోజు. ఈ రోజే, ఈ పూటే, ఆ దరిద్రపు కార్డు పోయి ఆయన చేతిలో పడాలా?

ఎల్లాజీ కొట్టు నుంచి చెయ్యి ఊపాడు, మీ నాన్న అని. వెళ్లి తీసుకున్నాను. నాన్న పగలబడి నవ్వుతున్నాడు, మాట రావడం లేదు. "ఎవలూ తెరవలేదమ్మా" అన్నాడు చివరికి. ఎవరూనా? "ఒక్కలూ తెరవలేదు. మీ పెద్దమ్మని అడిగితే ఏటన్నాదో తెల్సా, ఫోన్లో కార్డు పడీసి పిలిచీసినానంటే సరిపోతాదేటి, ఇంటికొచ్చి బొట్టెట్టి పిలవద్దేటి, ఆ గుంటకి అంత గీర వచ్చినాదేటి అని. మీ మావ కూడా అదే. సంతవురిటి ఊళ్లో మనోళ్లందరూ అదే. నీ కార్డు ముట్టుకోం అని ఒట్టెట్టుకుని కూకున్నారు. సుభద్ర కార్డు కూడా అందుకే తెరవలేదంట." నేను ఎల్లాజీ బల్ల పట్టుకుని నిలబడ్డాను. కంపెనీలు కోట్లు పోసి గోడలు కడతాయి, ఫైర్‌వాల్ అంటాయి, మా బంధువులకి అవేవీ అక్కర్లేదు, అలక చాలు. మా వేపు అంతే మరి, కార్డు బంగారంతో చేయించినా అది కాగితమే, ఇంటి మనిషి గుమ్మంలోకొచ్చి, ఆడవాళ్ల నుదుట కుంకుమ పెట్టి, తప్పకుండా రావాలి అని నోటితో అంటేనే అది పిలుపు. ఆ పట్టింపుని ఎన్నిసార్లు విసుక్కున్నానో, ఇవాళ ఊరు ఊరంతా ఆ పట్టింపు వల్లే బతికిపోయింది. పిన్ని తర్వాత నేను మాత్రం, పాఠాలు చెప్పేదాన్ని, ఒక్కదాన్నే తెరిచాను. "మరి అందరికీ అబద్ధమని సెప్పీమంటావా?" అన్నాడు నాన్న, ఈసారి నవ్వకుండా. కాసేపు ఆగు నాన్నా, రైలు రానీ అన్నాను. ఏ రైలు అని ఆయన అడగలేదు. "సర్లే అమ్మా, నానాగుతాను" అన్నాడు.

రైలు దూసి స్టేషను దాటిందని మైకులో ఆవిడ చెప్పింది. ఇంక నాగావళి వంతెన ఒక్కటే. లేచి చీర సర్దుకున్నాను. రైలు వంతెన మీదికి వచ్చిన చప్పుడు ముందు పట్టాల్లో వినిపించింది, తర్వాత ఇంజను, తర్వాత పెట్టెలు, పెట్టెల తలుపుల్లో మనుషులు, చేటలు, బస్తాలు, పనసకాయ ఎత్తుకున్న ఒకాయన, పెళ్లిబట్టల్లో నలుగురు. ఆయన ఎప్పుడొచ్చినా మధ్య పెట్టే ఎక్కుతారు, లెక్కల మనిషి కదా, ఏ పెట్టె మెట్ల ఎదురుగా ఆగుతుందో ఆయనకు తెలుసు. మధ్య పెట్టెలోంచి ఆయన దిగలేదు. పక్క పెట్టె లోంచీ దిగలేదు. ముంజలావిడ గంపెత్తుకుని లేచింది, జనం పల్చబడ్డారు, నాకు మొదటిసారి నవ్వు రాలేదు. వెళ్లిపోదామనుకున్నాను, వెళ్లలేదు. అప్పుడు ప్లాట్‌ఫారం చివర, ఆడవాళ్ల పెట్టె దగ్గర, ఒక పెద్దావిణ్ణి చెయ్యి పట్టి దించుతూ కనిపించారు. చొక్కా ఒక గుండీ తప్పు కన్నంలో పెట్టుకున్నారు. పరిగెత్తకూడదనుకున్నాను. చీర కుచ్చిళ్లు పట్టుకుని పరిగెత్తాను.

"ఫోనెందుకు కట్టేశారు?" అన్నాను, ముందు అదే వచ్చింది నోట్లోంచి. ఆయన ఆశ్చర్యంగా చూసి, "మీరే కదా సెప్పీవోరు, అనుమానం రాగానే ముందు నెట్ కొయ్యమని. నాకు కోసీది దొరక్క కట్టీసినాను" అన్నారు. అనుమానమేమిటి? అంటే మీరూ ఆ కార్డు తెరిచారా అన్నాను.

"తెరిచినాను."

"చివర ఏపీకే అని ఉందా లేదా?"

"ఉన్నాది."

"చూశారా చూడలేదా? నేనెన్నిసార్లు చెప్పాను మీకు?"

"సూసినాను. అన్నీ తెలిసే నొక్కినాను" అన్నారు మేస్టారు, ఆ తర్వాత, ఇన్నాళ్ల 'మీరు' అక్కడే రైలు పట్టాల మీద వదిలేసి, "నీ పెళ్లికార్డు వస్తే పెళ్లికొడుకెవలో సూడకుండా నానెలా ఉంటాను? తెరిస్తే లోపల ఏటీ లేదు. పెళ్లికొడుకే లేడు. నాకెంత సంతోషమేసిందో నీకేటి తెల్సు" అన్నారు. అప్పుడు పెద్దావిడ ఆయన్ని మోచేత్తో పక్కకి తోసింది. "ఈడి సంతోషం సంగతి తర్వాత. నా సంగతి విను తల్లీ. నానీడి అమ్మని, గౌరిని. పొద్దున్న ఈడి ఫోన్లోంచి బొబ్బిలంతా కార్డులెలిపోనాయి. వీధి వీధంతా వొచ్చి, ఒసే గౌరీ, కొడుకు పెళ్లి కుదిర్సీసి మాతో సెప్పవేటే, బొట్టెట్టి పిలవవేటే అని నన్ను కడిగీసినారు. పెళ్లి నా కొడుకుదంట, పెళ్లికూతురెవలో నాకు తెల్దు! నిలదీసి అడిగితే అప్పుడు సెప్పినాడు, మేడమ్ గారు, మేడమ్ గారు అని. అడగడానికి ఇయ్యాలే ఎల్తన్నానన్నాడు. సిగ్గుండాల్రా, అడగడానికి నువ్వొక్కడివీ ఎల్తావేటి అని నానూ బయల్దేరినాను. అందుకే ఆడోళ్ల పెట్టెలో ఎక్కినాం, ఈడు తలుపు కాడే నిలబడ్డాడు."

ఇద్దరి ఫోన్లూ బెంచీ మీద పక్కపక్కన పడుకుని ఉన్నాయి, మేస్టారిది కూడా సేఫ్ మోడ్‌లో పెట్టి ఆ తెల్లగడిని నేనే తీసేశాను. తీసేస్తూ, మీ వాళ్లందరికీ ఇది అబద్ధమని కబురు పెట్టాలి కదా అన్నాను, ఆయన మొహం చూడకుండా. "కార్డు అబద్ధమని సెప్దాం" అన్నారు ఆయన. పెళ్లి గురించి ఏమీ అనలేదు. గౌరమ్మ గారు సంచిలో చెయ్యి పెట్టి కుంకుమ భరిణె తీసింది. ఎల్లాజీ కెటిల్ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు, ముంజలావిడ గంప దించేసింది. "ఫోన్లో కార్డు పంపితే పిలుపవుతాదేటి" అంటూ ఆవిడ ఉంగరం వేలు కుంకుమలో అద్ది నా నుదుట పెట్టింది. కుంకుమ కొంచెం ముక్కు మీద రాలింది. "మా అబ్బాయి పెళ్లి తల్లీ. నువ్వు తప్పకుండా రావాల."

బొట్టు పెట్టి పిలిస్తే మా వేపు కాదనే అలవాటు ఎవరికీ లేదు. ఏడవాల్సిన చోట నవ్వే నాకు, నవ్వాల్సిన చోట కళ్లనిండా నీళ్లొచ్చాయి.

"వస్తానత్తా" అన్నాను. "అందరికన్నా ముందొస్తాను."